పెంపుడు పిల్లులలో గడ్డలు: గుర్తింపు, నిర్ధారణ, సకాల చికిత్స

విస్తరణ సిబ్బందిని రైతులు అడిగే ప్రశ్నలలో పాడి పశువులు, గొర్రెలు, మేకలు, కోళ్లకే పెద్దపీట. పిల్లి గురించిన ప్రశ్న అరుదుగా వస్తుంది. వచ్చినా దానిని తేలికగా తీసుకోవడమే ఎక్కువ. ఒకప్పుడు ధాన్యపు గదిలో ఎలుకల కోసం ఉంచుకున్న పిల్లి ఇప్పుడు పట్టణాలలోనే కాక గ్రామాలలోనూ ఇంటి మనిషిలా పెరుగుతున్నది. పదేళ్లు, పన్నెండేళ్లు బతుకుతున్నది. ఆయుర్దాయం పెరిగేకొద్దీ వయసుతో వచ్చే వ్యాధులూ పెరుగుతాయి. అందుచేత “మా పిల్లి పొట్ట కింద శనగగింజంత గడ్డ చేతికి తగులుతున్నది, ఏం చేయమంటారు?” అనే ప్రశ్న ఇక ముందు మరింత తరచుగా ఎదురవుతుంది.

ఈ ప్రశ్నకు సాధారణంగా లభించే సమాధానం “కొన్నాళ్లు చూడండి, అదే తగ్గిపోవచ్చు” అన్నది. కొన్ని గడ్డల విషయంలో ఈ మాట సరైనదే. మరికొన్నింటి విషయంలో ఆ కొన్నాళ్లే పిల్లి ప్రాణానికి ముప్పు తెస్తాయి. ఏది ఏ కోవకు చెందినదో ఇంటివద్ద తేల్చడం సాధ్యం కాదు. కానీ ఎవరిని అదే రోజు వైద్యశాలకు పంపాలి, ఎవరిని ఆ వారంలోపు పంపాలి, ఎవరికి ధైర్యం చెప్పాలి అన్నది విస్తరణ శాస్త్రవేత్త నాలుగు ప్రశ్నలతో తెలుసుకోగలడు. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

గడ్డ కాని గడ్డలు

పిల్లి శరీర నిర్మాణం తెలియనివారు సహజమైన భాగాలను గడ్డలుగా భ్రమపడటం కద్దు. పిల్లికి సాధారణంగా నాలుగు జతల చనుమొనలు ఉంటాయి. గండుపిల్లికి కూడా ఉంటాయన్న సంగతి చాలామందికి తెలియదు. వెంట్రుకల మాటున ఒక మొన చేతికి తగిలితే “మగదానికి ఇదేమిటి” అని కంగారు పడతారు. రెండు వరుసలలో దాదాపు సమానమైన ఎడంతో ఉన్నాయా లేదా అని చూస్తే అనుమానం తీరుతుంది. ఛాతీ ఎముక చివర ఉండే మెత్తని మొన, దవడ కింద ఇరువైపులా ఉండే లాలాజల గ్రంథులు, వెనుక కాళ్ల మధ్య వేలాడే కొవ్వు మడత కూడా ఇటువంటివే. రక్తం తాగి ఉబ్బిన గోమారిని పులిపిరిగా భావించినవారూ ఉన్నారు. దాని మొదట్లో కాళ్లు కనిపిస్తాయి కనుక వెంట్రుకలు పాయ తీసి వెలుతురులో చూస్తే తెలిసిపోతుంది.

కూనలలో బొడ్డు వద్ద కనిపించే మెత్తటి ఉబ్బు చాలావరకు హెర్నియా. మెల్లగా నొక్కితే లోపలికి పోయి, వదిలితే మళ్లీ వస్తుంది. అది గట్టిపడి, నొప్పి పుట్టి, కూన వాంతులు చేసుకుంటే పేగు చిక్కుకున్నదని అనుమానించి వెంటనే శస్త్రచికిత్సకు పంపాలి.

రాత్రికి రాత్రి లేచిన గడ్డ

బయట తిరిగే పిల్లిలో, ముఖ్యంగా వృషణాలు తొలగించని గండుపిల్లిలో, ఒకటి రెండు రోజులలో లేచిన గడ్డ చాలావరకు చీముగడ్డే. పిల్లి కోరపళ్లు సన్నగా, పొడవుగా ఉంటాయి. పోట్లాటలో అవి చర్మం కిందికి లోతుగా దిగి నోటిలోని సూక్ష్మజీవులను, ప్రధానంగా పాశ్చురెల్లా మల్టోసిడాను, గాలి లేని చోట పెరిగే ఇతర బ్యాక్టీరియాలను లోపల వదిలిపెడతాయి. పైన పడిన చిన్న రంధ్రం ఒకటి రెండు రోజులలోనే మూసుకుపోతుంది. లోపల మాత్రం చీము పడుతుంది. రెండు నుంచి ఐదు రోజులలో గడ్డ పైకి తేలుతుంది. ముఖం, ముందు కాళ్లు, తోక మొదలు దీనికి సాధారణ స్థానాలు. ఎదురు నిలిచిన పిల్లికి ముఖం మీద, పారిపోతున్న పిల్లికి తోక మొదట్లో కాట్లు పడతాయి.

గడ్డ వేడిగా, నొప్పిగా ఉంటుంది. పిల్లి తిండి మానేసి మూల చేరుతుంది. శరీర ఉష్ణోగ్రత మామూలుగా 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది కనుక 103 దాటితే జ్వరంగా భావించాలి. పశువైద్యుడు మత్తు ఇచ్చి గడ్డను కోసి, చీము తీసి, సెలైన్‌తో కడిగి, అమాక్సిసిలిన్–క్లావులానిక్ ఆమ్లం వంటి యాంటీబయాటిక్ ఇస్తే చాలా పిల్లులు వారం పది రోజులలో కోలుకుంటాయి. కోలుకోకపోతే, లేదా అదే చోట మళ్లీ మళ్లీ గడ్డ లేస్తుంటే, అది మామూలు చీముగడ్డ కాదని గుర్తించాలి. లోపల విరిగిన పన్ను ముక్క ఉండవచ్చు. శిలీంధ్రం ఉండవచ్చు. పిల్లులలో రోగనిరోధక శక్తిని హరించే ఎఫ్.ఐ.వి. అనే వైరస్ ఉండవచ్చు. కంతి పుండుపడి చీముగడ్డలా కనిపించడమూ జరుగుతుంది. ఎఫ్.ఐ.వి. ఒక పిల్లి నుంచి మరొకదానికి ప్రధానంగా కాటు ద్వారానే వ్యాపిస్తుంది. కాబట్టి తరచూ పోట్లాడే పిల్లికి ఈ పరీక్ష చేయించడం మంచిది. గండుపిల్లికి వృషణాలు తొలగిస్తే తిరుగుళ్లు, పోట్లాటలు గణనీయంగా తగ్గుతాయి.

గడ్డ పగిలి పుండు తెరుచుకున్నచోట వానకాలంలో ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడతాయి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పశువుల పుండ్లలో పురుగులకు టర్పెంటైన్ నూనె పోయడం, కలరా ఉండల పొడి కూరడం మన పల్లెలలో ఉన్న అలవాటే. అదే అలవాటును పిల్లి మీద ప్రయోగిస్తే పురుగుల కంటే ముందు పిల్లి చనిపోయే ప్రమాదం ఉన్నది. పిల్లి తన ఒంటిని నిరంతరం నాకుకుంటుంది. చర్మం మీద పూసినది ఏదైనా చివరకు దాని కడుపులోకి చేరుతుంది. కిరోసిన్, ఫినాయిల్, డెటాల్ వంటివి కూడా పిల్లికి విషతుల్యం. గడ్డ మీద సున్నం, బెల్లం కలిపి పట్టు వేసే ఆచారం కూడా పనికిరాదు. సున్నం చర్మాన్ని కాల్చడమే కాక నాకినప్పుడు నాలుకను, నోటిని పుండు చేస్తుంది.

పాల గ్రంథులలో గడ్డ

ఈ వ్యాసంలో అతి ముఖ్యమైన భాగం ఇదే. కుక్కలతో అలవాటుపడిన మనం తరచూ పొరబడేదీ ఇక్కడే. కుక్కలలో పాల గ్రంథుల కంతులలో దాదాపు సగం ప్రమాదరహితమైనవి. పిల్లులలో అలా కాదు. నూటికి 80 నుంచి 90 వరకు క్యాన్సర్ కంతులే. కుక్క విషయంలో “చూద్దాం” అన్న మాటకు కొంత ఆధారం ఉన్నది. పిల్లి విషయంలో ఆ ఆధారం లేదు.

ఈ క్యాన్సర్ ఎక్కువగా పది నుంచి పన్నెండేళ్ల వయసు ఆడపిల్లులలో, అందులోనూ గర్భాశయం, అండాశయాలు తొలగించనివాటిలో కనిపిస్తుంది. సియామీస్ జాతిలో ప్రమాదం సుమారు రెట్టింపు. ఆ జాతిలో మరింత చిన్న వయసులోనే వస్తుంది. మొదట చనుమొన పక్కన చర్మం కింద గట్టిగా, గింజలా తగులుతుంది. నొప్పి ఉండదు. పిల్లి తింటుంది, ఆడుతుంది, దూకుతుంది. నొప్పి లేదు కదా అన్న ధీమాయే ఆలస్యానికి మొదటి కారణం. తరువాత గడ్డ కింది కండరానికి, పై చర్మానికి అంటుకుంటుంది, పుండు పడుతుంది. ఒకే వరుసలోని రెండు మూడు గ్రంథులలో గడ్డలు తేలతాయి. వ్యాధి శోషరస గ్రంథులకు, ఊపిరితిత్తులకు, వాటి పొరకు, కాలేయానికి పాకుతుంది. ఆయాసం కనిపించే నాటికి ఊపిరితిత్తులలో చేరి ఉంటుంది.

గడ్డ పరిమాణానికి, పిల్లి ఆయుష్షుకు ఉన్న సంబంధాన్ని పరిశోధనలు పదేపదే నిర్ధారించాయి. శస్త్రచికిత్స నాటికి గడ్డ వ్యాసం 2 సెం.మీ. లోపు ఉంటే సగటున మూడేళ్లు, అంతకు పైబడి బతికే అవకాశం ఉంటుంది. 2 నుంచి 3 సెం.మీ. మధ్య ఉంటే అది రెండేళ్లకు అటూఇటూగా తగ్గుతుంది. 3 సెం.మీ. దాటితే చాలా పిల్లులు ఏడాదిలోపే మరణిస్తాయి. ఈ లెక్క వెనుక ఉన్న గణితాన్ని విద్యార్థులు గమనించాలి. వ్యాసం రెట్టింపైతే ఘనపరిమాణం ఎనిమిది రెట్లవుతుంది. 1 సెం.మీ. గడ్డ 2 సెం.మీ. అయిందంటే “కొంచెం పెరిగింది” అని కాదు, ఎనిమిదింతలైందని అర్థం. యజమానికి సెంటీమీటర్ల లెక్క చెప్పడం కన్నా పోలిక చెప్పడం మేలు. రూపాయి నాణెం వెడల్పు ముద్రణను బట్టి 2 నుంచి 2.5 సెం.మీ. ఉంటుంది. గడ్డ నాణెమంత అయ్యేదాకా ఆగకూడదు, శనగగింజంత ఉన్నప్పుడే రావాలి అంటే ఎవరికైనా బోధపడుతుంది.

ఒక ఉదాహరణ ఊహిద్దాం. తొమ్మిదేళ్ల ఆడపిల్లి. శస్త్రచికిత్స జరగలేదు. ఏటా ఈనేది. ఇంటావిడ నిమురుతుండగా ఎడమవైపు మూడవ మొన వద్ద శనగగింజంత గట్టి గడ్డ తగిలింది. పిల్లి ఆరోగ్యంగానే ఉన్నది. “అమ్మా, ఇది చూడవలసిన గడ్డ కాదు, ఈ వారంలోనే చూపించవలసిన గడ్డ” అని చెప్పడమే ఇక్కడ విస్తరణ శాస్త్రవేత్త చేయగల అత్యంత విలువైన పని. ఆ తరువాత వైద్యశాలలో జరిగేది ఇది: మిగిలిన ఏడు గ్రంథులను, చంకలలోని, గజ్జలలోని శోషరస గ్రంథులను తడిమి చూస్తారు. ఛాతీకి మూడు కోణాలలో ఎక్స్‌రే తీస్తారు. మూత్రపిండాల పనితీరుకు రక్తపరీక్ష చేస్తారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటే ఆ వైపు గ్రంథుల వరుసను మొత్తంగా, గజ్జలోని శోషరస గ్రంథితో సహా తొలగిస్తారు. గడ్డను మాత్రమే గిల్లి తీసివేస్తే పిల్లులలో అదే చోట తిరగబెట్టే అవకాశం ఎక్కువ. రెండు వైపులా గడ్డలుంటే రెండవ వైపు శస్త్రచికిత్సను కొన్ని వారాల ఎడంతో చేయడం వాడుక. కంతి పెద్దదైనా, శోషరస గ్రంథికి చేరినా డాక్సోరూబిసిన్ వంటి మందులతో చికిత్స కొనసాగించవచ్చు. ఈ మందు పిల్లులలో మూత్రపిండాలను దెబ్బతీయగలదు కనుక రక్తపరీక్షలతో జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది.

“అంత చిన్న గడ్డకు అంత పెద్ద కోతా?” అని యజమాని అడుగుతారు. అడగడం న్యాయమే. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడు చేసిన పెద్ద కోతే పిల్లిని బతికిస్తుంది, గడ్డ పెద్దదయ్యాక చేసిన ఎంత పెద్ద కోతయినా అంత మేలు చేయదు. ఖర్చు భరించలేని కుటుంబాలకు పశువైద్య కళాశాలల బోధనాసుపత్రులు ఒక మార్గం. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులలో పశువైద్య కళాశాలలున్నాయి.

ఇక నివారణ. అమెరికాలో జరిపి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం ఆరు నెలల వయసులోపు గర్భాశయం, అండాశయాలు తొలగించిన పిల్లులలో పాల గ్రంథుల క్యాన్సర్ ముప్పు 91 శాతం తగ్గింది. ఏడాదిలోపు చేసినవాటిలో 86 శాతం తగ్గింది. రెండేళ్ల తరువాత చేసిన శస్త్రచికిత్స వల్ల ఈ విషయంలో ప్రయోజనం కనిపించలేదు. “ఒక్క ఈత ఈననిచ్చి ఆపరేషన్ చేయిద్దాం” అన్న సదుద్దేశంతో కూడిన ఆలోచన ఎంత రక్షణను చేజార్చుకుంటున్నదో ఈ అంకెలే చెబుతాయి. ఇంతకన్నా హానికరమైనది, పిల్లి ఎదకు రాకుండా మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ వంటి ప్రొజెస్టిన్ ఇంజెక్షన్లు, మాత్రలు వాడటం. ఇవి పాల గ్రంథుల కంతుల ముప్పును సుమారు మూడు రెట్లు పెంచుతాయి. చవకగా దొరుకుతున్నాయి కదా అని వాడటం తగదు.

భయపెట్టినా ప్రమాదం కాని గడ్డ

పై చర్చకు పూర్తిగా విరుద్ధమైన స్థితి ఒకటి ఉన్నది. దానిని గుర్తించకపోతే బతకవలసిన పిల్లి అన్యాయంగా చస్తుంది. ఏడాది, రెండేళ్లలోపు పడుచు పిల్లి ఎదకు వచ్చిన కొద్ది వారాలకు గాని, చూలుతో ఉన్నప్పుడు గాని, ప్రొజెస్టిన్ ఇంజెక్షన్ తరువాత గాని దాని పాల గ్రంథులు ఒకటి రెండు కాదు, దాదాపు అన్నీ ఒకేసారి వాచి, నిమ్మకాయలంత, అంతకన్నా పెద్దవిగా ఉబ్బుతాయి. చర్మం బిగిసి ఎర్రబడుతుంది. కొన్నిచోట్ల పగిలి పుండ్లవుతాయి. చూసినవారు ముదిరిన క్యాన్సర్ అనే అనుకుంటారు. నిజానికి ఇది ప్రొజెస్టిరాన్ హార్మోను ప్రభావంతో గ్రంథి కణజాలం అతిగా పెరగడమే కాని క్యాన్సర్ కాదు. అండాశయాలు తొలగించడం వల్ల గాని, ప్రొజెస్టిరాన్‌ను అడ్డుకునే అగ్లెప్రిస్టోన్ మందు వల్ల గాని కొన్ని వారాలలో తగ్గుతుంది. ప్రొజెస్టిన్ ఇంజెక్షన్ పొందిన గండుపిల్లులలోనూ ఇది కనిపిస్తుంది.

ముసలి పిల్లిలో నొప్పి లేని శనగగింజ ప్రాణాంతకం కావచ్చు. పడుచు పిల్లిలో నిమ్మకాయలంత వాపు నయమైపోవచ్చు. గడ్డ పరిమాణం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదనడానికి ఇంతకన్నా మంచి నిదర్శనం లేదు. వయసు, ఎద, ఇంజెక్షన్ల చరిత్ర అడగాలి. పాలిచ్చే తల్లిలో ఒక గ్రంథి వేడిగా, నొప్పిగా వాచి, పాలు రంగు మారితే అది పొదుగువాపు. అది వేరే సంగతి. పాడి పశువులతో పనిచేసేవారికి దానిని వివరించనక్కరలేదు.

టీకా వేసిన చోట గడ్డ

టీకా వేసిన కొద్ది రోజులకు ఆ చోట చిన్న గట్టి బుడిపె ఏర్పడటం సాధారణమే. ఎక్కువ సందర్భాలలో అది కొన్ని వారాలలో కరిగిపోతుంది. చాలా కొద్ది పిల్లులలో మాత్రం అదే చోట నెలల తరువాత, కొన్నిసార్లు ఏళ్ల తరువాత, సార్కోమా అనే క్యాన్సర్ తలెత్తుతుంది. టీకాలకు, ఈ కంతులకు ఉన్న సంబంధాన్ని అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వ్యాధి విజ్ఞాన నిపుణులు హెండ్రిక్, గోల్డ్‌ష్మిట్ 1991లో తొలిసారి వెలుగులోకి తెచ్చారు. టీకాలే కాదు, దీర్ఘకాలం నిలిచే ఇతర ఇంజెక్షన్లు వేసిన చోట్ల కూడా ఇవి ఏర్పడినట్లు ఆ తరువాత తెలిసింది. ఇంజెక్షన్ వల్ల కలిగిన వాపు తగ్గకుండా కొనసాగడమే ఇందుకు కారణమని భావిస్తున్నారు.

దీనికి పశువైద్యులు పాటించే సూత్రం గుర్తుంచుకోవడానికి సులువైనది: మూడు, రెండు, ఒకటి. ఇంజెక్షన్ తరువాత మూడు నెలలు దాటినా గడ్డ పోకపోయినా, అది 2 సెం.మీ. కన్నా పెద్దదైనా, ఇంజెక్షన్ వేసిన ఒక నెల తరువాత కూడా పెరుగుతూనే ఉన్నా ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. ముక్క పరీక్ష కాకుండా గడ్డను నేరుగా కోసివేయడం ఇక్కడ పెద్ద పొరపాటు. ఈ కంతి చెట్టు వేళ్లలా చుట్టూ పాకి ఉంటుంది. మొదటి శస్త్రచికిత్సలోనే అన్ని వైపులా 3 నుంచి 5 సెం.మీ. ఆరోగ్యకరమైన కణజాలంతో సహా తీసివేయగలిగితేనే ఫలితం ఉంటుంది. అర్ధంతరంగా తీస్తే తిరగబెడుతుంది. రెండవసారి గెలవడం మరింత కష్టం.

అందువల్లనే టీకాను మెడ వెనుక, భుజాల మధ్య కాక వెనుక కాలిలో మోకాలి కిందుగా, లేదా తోకకు వేయాలని సూచిస్తున్నారు. కంతి వచ్చినా ఆ కాలిని తొలగించి పిల్లిని బతికించుకోవచ్చు. భుజాల మధ్య వస్తే అంత కణజాలం తీయడానికి చోటు ఉండదు. ఏ టీకా, ఏ తేదీన, శరీరంలో ఏ చోట వేశారో కార్డులో రాయడం నిమిషం పని. మూడేళ్ల తరువాత గడ్డ లేచినప్పుడు ఆ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది.

ఈ సమాచారం విన్న యజమాని “అయితే టీకాయే వద్దు” అనే అవకాశం ఉన్నది. ఆ నిర్ణయానికి దారితీసే విధంగా మాట్లాడకపోవడం విస్తరణ సిబ్బంది బాధ్యత. టీకా కంతి వేలల్లో ఒక పిల్లికి వచ్చేది. రేబిస్ లక్షణాలు కనిపించిన పిల్లి బతకదు, దాని కాటుకు గురై సకాలంలో టీకా వేయించుకోని మనిషికి వ్యాధి లక్షణాలు మొదలైతే దాదాపు మరణమే. వీధికుక్కల సంచారం ఉన్న మన ఊళ్లలో రేబిస్ టీకా మానడానికి ఏ కారణమూ చాలదు.

ఇతర గడ్డలను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. తల, మెడ మీద వెంట్రుకలు రాలి గుండ్రంగా లేచే మాస్ట్ కణ కంతులు కుక్కలతో పోలిస్తే పిల్లులలో చాలావరకు నిరపాయకరం. తెల్ల పిల్లుల చెవి అంచులు, ముక్కు మీద ఎండ వల్ల వచ్చే పొలుసుల కణ క్యాన్సర్ మొదట గడ్డగా కాక మానని పక్కుగా కనిపిస్తుంది. దవడ కింద, భుజాల ముందు, మోకాలి వెనుక శోషరస గ్రంథులు ఒకేసారి ఉబ్బితే రక్త సంబంధమైన క్యాన్సర్‌నో, వైరస్ వ్యాధినో అనుమానించాలి. ముక్కు, చెవులు, పాదాల మీద మానని బుడిపెలుంటే శిలీంధ్ర వ్యాధుల కోసం పరీక్షించాలి. వీటిలో స్పోరోట్రైకోసిస్ అనేది బ్రెజిల్‌లో పిల్లుల గీతల ద్వారా మనుషులకు విస్తృతంగా సోకింది. కాబట్టి అటువంటి పుండ్లను చేతి తొడుగులు లేకుండా తాకరాదు. విదేశీ సమాచారం చదివిన కొందరు మెడ మీద రంధ్రంతో ఉన్న గడ్డను క్యూటెరెబ్రా ఈగ పురుగుగా భావిస్తారు. ఆ ఈగ అమెరికా ఖండాలకు పరిమితం. మన దగ్గర దాని జోలికి పోనవసరం లేదు.

తడిమి చూసే పద్ధతి, నమూనా సేకరణ

నెలకొకసారి పిల్లి ప్రశాంతంగా ఉన్నప్పుడు గడ్డం నుంచి తోక వరకు అరచేతితో, పొట్ట కింద రెండు వరుసలను వేలికొనలతో తడిమి చూడమని యజమానులకు నేర్పాలి. గడ్డ తగిలితే తేదీ, చోటు, కొలత రాసుకోవాలి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసుకోవడం మరీ మంచిది. వైద్యునికి చెప్పవలసినవి: ఎప్పుడు కనిపించింది, ఎంత పెరిగింది, బయట తిరుగుతుందా, చివరి టీకా లేదా ఇంజెక్షన్ ఎప్పుడు, ఎక్కడ, ఎదకు ఎప్పుడు వచ్చింది, తిండి, బరువు ఎలా ఉన్నాయి. గడ్డను పదేపదే నొక్కడం, పిండటం, సూదితో పొడవటం చేయరాదు.

విద్యార్థులకు ఒక మాట. 22 లేదా 23 గేజి సూదితో గడ్డ నుంచి కణాలను తీసి గాజు పలకపై పరిచి, గాలికి ఆరబెట్టి, జీంసా లేదా లీష్‌మన్ రంగు వేసి చూడటం చవకైన, మత్తు దాదాపు అక్కరలేని పరీక్ష. చీమా, కొవ్వా, మాస్ట్ కణాలా, శిలీంధ్రమా అన్నది చాలావరకు అక్కడికక్కడే తెలుస్తుంది. పాల గ్రంథుల గడ్డలలో మాత్రం దీనికి పరిమితి ఉన్నది. క్యాన్సర్ కణాలు కనిపించలేదంటే క్యాన్సర్ లేదని కాదు, తుది నిర్ణయం కణజాల పరీక్షదే. తీసిన ముక్కను దాని పరిమాణానికి పది రెట్లు 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి. మందం 1 సెం.మీ. మించితే లోపలికి ఫార్మలిన్ చేరక కుళ్లుతుంది. స్పిరిట్‌లో వేయడం, గడ్డకట్టించడం రెండూ నమూనాను పాడుచేస్తాయి. గాజు పలకలను, ఫార్మలిన్ సీసాను ఒకే సంచిలో పంపరాదు. ఆవిరి తగిలిన పలకలకు రంగు సరిగా పట్టదు. చేతికి అందిన మంచి నమూనా ఈ చిన్న కారణంతో వ్యర్థమవుతుంది.

ఇంటివద్ద మానవలసినవి

నొప్పి తగ్గిస్తుందని పారాసెటమాల్ ఇవ్వడం అన్నింటికన్నా ప్రమాదకరమైన పొరపాటు. ఈ మందును నిర్వీర్యం చేసి బయటకు పంపే ఎంజైము వ్యవస్థ పిల్లి కాలేయంలో చాలా బలహీనం. మన ఇళ్లలో ఉండే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయడానికి చాలు. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి చేరి చిగుళ్లు గోధుమ లేదా నీలిరంగుకు మారతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఆయాసం వస్తుంది. ఇచ్చిన కొద్ది గంటలలోనే వైద్యశాలకు చేర్చగలిగితే ఎన్-అసిటైల్‌సిస్టీన్ విరుగుడుగా పనిచేస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మనుషుల నొప్పి మాత్రలూ ఇవ్వరాదు. కుక్కల గోమారులకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లులలో మూర్ఛలు తెప్పిస్తుంది.

గడ్డను పరీక్షించబోతే పిల్లి కరవడం, గీరడం సహజం. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు వైద్యుని కలవాలి. రేబిస్ టీకా అవసరం అక్కడ నిర్ణయిస్తారు. రేబిస్ సంగతి అటుంచితే, పిల్లి కాటు నుంచి పాశ్చురెల్లా సోకి ఒక్క రోజులోనే చేయి వాచిపోవచ్చు. మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి.

శస్త్రచికిత్స తరువాత పిల్లి కుట్లను నాకకుండా మెడకు అట్ట పట్టీ గాని, మెత్తటి బట్టతో కుట్టిన చొక్కా గాని తొడగాలి. ఎత్తులు దూకనీయకుండా పది నుంచి పద్నాలుగు రోజులు ఒకే గదిలో ఉంచాలి. పిల్లి ఒక రోజు దాటి తిండి ముట్టకపోతే ఫోను చేయాలి. బొద్దుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని అదే ఒక ప్రాణాంతక వ్యాధిగా మారుతుంది. గోరువెచ్చగా చేసిన ఉడికించిన చేప, కోడి మాంసం వాసనకు చాలా పిల్లులు తిరిగి తింటాయి. వాటిలో ఉల్లి, వెల్లుల్లి కలపరాదు. కణజాల నివేదిక క్యాన్సర్ అని తేల్చితే మొదటి ఏడాది మూడు నెలలకొకసారి మచ్చ చుట్టూ, రెండవ వైపు వరుసలో, చంకలలో తడిమి చూసి ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. నివేదిక ప్రతిని, టీకా కార్డును యజమాని ఒకే కవరులో భద్రపరచుకొని ప్రతి సందర్శనకూ వెంట తెచ్చుకోవాలి.